కళ్లు మండుతున్నాయంటే క్లోరిన్ తగ్గించకు

అల్లుడూ,

మామయ్య ఆశీస్సులు. నీకు కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ చూసుకునే పని దొరికిందని మొన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. అదే పనిలో నాకు ఇరవై రెండేళ్లు గడిచాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. చేరిన మొదటి ఎండాకాలం, ఒక ఆదివారం సాయంత్రం నలుగురు తల్లులు వచ్చి, పిల్లల కళ్లు ఎర్రబడుతున్నాయని, వాసన భరించలేకపోతున్నామని, క్లోరిన్ మందు ఎక్కువ వేస్తున్నావని నిలదీశారు. నాకూ నిజమే అనిపించింది. ఆ రాత్రి మందు వేయలేదు, మర్నాడూ వేయలేదు. బుధవారానికి గోడలకు పాకుడు పట్టింది, మెట్టు మీద కాలు పెడితే జారింది, లోతు వైపు అడుగు కనిపించడం మానేసింది. వారం రోజులు పూల్ మూసేశాం. ఆ మూడు రోజులూ పిల్లలు ఆ నీళ్లలోనే ఈదారన్న సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఆ ఘాటు వాసన క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదు. చెమట, మూత్రం నీళ్లలో కలిస్తే క్లోరిన్ వాటితో చేరి క్లోరమైన్లుగా మారుతుంది. కళ్లు మండించేవి, దగ్గు తెప్పించేవి చాలావరకు అవే. వాసన గుప్పుమంటోందంటే, క్రిములను చంపాల్సిన క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతోందన్నమాట. అందుకే దిగే ముందు ప్రతి ఒక్కరూ షవర్ కింద నిలబడాలని పట్టుబట్టు. మొహమాటపడకు.

నీళ్లలో క్లోరిన్ కొలిచే కిట్ నీ దగ్గర ఏది ఉందో చూసుకో. నీళ్లు పసుపు రంగుకు తిరిగే పాత చుక్కల కిట్ అయితే అది మొత్తం క్లోరిన్ మాత్రమే చెబుతుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనిపించు. అందులో ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా ఖర్చుకాకుండా క్రిములను చంపడానికి మిగిలి ఉన్నది, విడిగా, మొత్తం విడిగా తెలుస్తాయి. ఆ రెండింటి తేడాయే క్లోరమైన్లు. నీళ్లు పైపైన ముంచి తీయకు, నీళ్లు పూల్లోకి వచ్చే ఇన్‌లెట్ దగ్గరా తీయకు. మోచేయి మునిగేంత లోతులో సీసా తెరిచి నింపు. ఒక్కోసారి సీసాలో కిట్ మందు పడగానే గులాబీ రంగు తళుక్కుమని, కళ్ల ముందే తెల్లగా మారిపోతుంది. క్లోరిన్ లేదనుకుని ఇంకా వేసేస్తారు చాలామంది. నిజానికి అప్పుడు క్లోరిన్ మరీ ఎక్కువై రంగును విరిచేస్తోంది. సీసాలో తీసిన నీళ్లకు మంచినీళ్లు కలిపి పలచన చేసి మళ్లీ చూడు.

ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల వంతుల నీళ్లలో ఎన్ని వంతులన్న లెక్క) మధ్య ఉండాలి. మొత్తానికీ ఫ్రీకీ తేడా 0.4 దాటితే, దానికి పది రెట్లు క్లోరిన్ రాత్రిపూట ఒకేసారి వేసి, మళ్లీ 3కి దిగేదాకా ఎవరినీ దిగనివ్వకు.

అంతకంటే ముందు పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం, క్షారం ఏ పాటివో చెప్పే అంకె, చూడు. ఇది అందరూ వదిలేసే పని. పీహెచ్ 7.5 దగ్గర ఉంటే ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు సగం గట్టిగా పనిచేస్తుంది. 8కి వెళితే పావు వంతు కూడా కష్టం. మందు మంచినీళ్లలా పోస్తున్నా నీళ్లు బాగుపడట్లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మన హైదరాబాద్ బోరు నీళ్లు గట్టివి, పైగా లిక్విడ్ క్లోరిన్, బ్లీచింగ్ రెండూ పీహెచ్‌ను పైకి నెడతాయి. 7.2 నుంచి 7.6 మధ్య నిలబెట్టు.

లెక్క చాలా తేలిక. వెయ్యి లీటర్లకు ఒక గ్రాము క్లోరిన్ పడితే 1 పీపీఎం. 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉంటే 1,44,000 లీటర్లు, అంటే 144 గ్రాములు. 65 శాతం కాల్షియం హైపో గ్రాన్యూల్స్ (క్లోరిన్ గుళికలు) అయితే దాదాపు 220 గ్రాములు తూచి వేయాలి. డబ్బా మీద శాతం చూడకుండా చెంచాలతో కొలిచే అలవాటు మానుకో.

ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది, అందుకే మందు పొద్దు గూకాక వెయ్యి. టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లలు వాడితే ఎండకు కొంత తట్టుకుంటుంది, కానీ వాటిలోని సయన్యూరిక్ యాసిడ్ నీళ్లలో పేరుకుపోతూ క్లోరిన్‌ను మొద్దుబారుస్తుంది. అది ఉన్న నీళ్లలో ఫ్రీ క్లోరిన్ 2కి తగ్గనివ్వకు. బాగా పెరిగిపోతే కొన్ని నీళ్లు తీసి కొత్తవి నింపడం తప్ప ఇంకో దారి లేదు.

ఇక అన్నిటికంటే గట్టిగా చెప్పేది స్టోర్ రూమ్ గురించి. పీహెచ్ తగ్గించే యాసిడ్, క్లోరిన్ ఒకే అలమరలో పెట్టకు. ఆ రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు. టీసీసీఏ, కాల్షియం హైపో గ్రాన్యూల్స్ కలిస్తే మంటే లేస్తుంది. దేని మగ్గు దానిదే, దేని బకెట్ దానిదే. బకెట్లో ముందు నీళ్లు పోసి, తర్వాత మందు వెయ్యాలి. మందు మీద నీళ్లు పొయ్యకూడదు. కళ్లద్దాలు, గ్లౌజులు కమిటీవాళ్లు కొనకపోతే నాకు చెప్పు, నేను పంపిస్తాను.

విరేచనాలు అవుతున్న పిల్లల్ని మాత్రం దిగనివ్వకు, వాళ్ల అమ్మానాన్నలు ఎంత బతిమాలినా సరే. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు మోతాదు క్లోరిన్‌లో వారం దాటినా బతికే ఉంటుంది.

రోజూ పూల్ తెరిచే ముందు ఒకసారి, సాయంత్రం జనం పలచబడ్డాక ఒకసారి కొలిచి రిజిస్టర్లో రాయి. ఆదివారాలు మధ్యాహ్నం కూడా. నెల తిరగ్గానే ఆ పేజీలు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. నేను ముందు చూసేది పీహెచ్ గడినే.

మీ మామయ్య