రాజు బొమ్మ ఉంటే అది స్వాతంత్ర్యానికి ముందరి కార్డేనా?

గుంటూరులో తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన పోస్టుకార్డుల మీద బ్రిటిష్ రాజు ఆరవ జార్జి బొమ్మ ఉందనీ, కాబట్టి అవన్నీ 1947కు ముందరివే కదా అనీ ఒక పాఠకులు అడిగారు. అలా అనుకోనక్కరలేదు. 1947 ఆగస్టు 15 తరువాత కూడా రాజు బొమ్మ అచ్చయిన కార్డులు, కవర్లు కొంతకాలం చెల్లుబాటు అయ్యాయి. స్వతంత్ర భారత తొలి తపాలా బిళ్ల అదే ఏడాది నవంబరు 21న వెలువడింది. అందుచేత కార్డు ఎప్పటిదో చెప్పేది బొమ్మ కాదు, దాని మీద పడిన తపాలా ముద్ర.

నా దగ్గరున్న ఒక కార్డులో రాజు తల మీదే 1948 నాటి బెజవాడ ముద్ర అడ్డంగా పడింది. లోపల పసుపు ధర గురించి నాలుగు వరుసలున్నాయి. పాలన మారిన ఆ సంధికాలాన్ని ఇంత స్పష్టంగా చూపేది మరొకటి నాకు దొరకలేదు.

ముద్రలోని తేదీ, ఊరు, అచ్చయిన విలువ, అదనంగా అతికించిన బిళ్లలు ఉంటే వాటి విలువ, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. 1950 అక్టోబరు 2న ఇన్లాండ్ లెటర్, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు (రూపాయికి వంద) వచ్చాయి కనుక తేదీ చెరిగినా, ఇన్లాండ్ లెటర్లూ నయాపైసల్లో విలువ ఉన్నవీ ఆ తేదీల తరువాతివని చెప్పొచ్చు. బొమ్మను మాత్రం కత్తిరించకండి. కార్డు మొత్తంగా ఉంటేనే పరిశోధనకు పనికొస్తుంది. కృష్ణాతీరపు ఉక్కకు కాగితం చెమ్మ పీలుస్తుంది కాబట్టి మామూలు ప్లాస్టిక్ సంచుల్లో బిగించకుండా, ఆమ్లరహిత కాగితం మధ్య పరచి ఉంచండి.