అటకెక్కని సూట్‌కేసు

కావలి,
మంగళవారం.

అబ్బయ్యకీ, కోడలమ్మాయికీ,

నిన్న సాయంత్రం మీ ఇంటి నుంచి వచ్చిన మీ పెద్దమ్మ చెప్పులు కూడా విప్పకముందే అన్న మాట ఇది: "పెట్టె ఇంకా హాల్లోనే ఉందయ్యా, నోరు తెరుచుకుని. ఆ పిల్ల అన్నం గిన్నె పట్టుకుని దాన్ని దాటుకుంటూ తిరుగుతోంది. మీవాడు సోఫాలో కూర్చుని కొడైకెనాల్ ఫోటోలు చూసుకుంటున్నాడు."

మీరు దిగింది గురువారం తెల్లవారుజామున. నిన్నటికి ఐదో రోజు. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా.

మా పెళ్లయిన ఏడాది మేమూ ఊటీ వెళ్లొచ్చాం. వచ్చిన మర్నాడు పొద్దున నేను అరుగు మీద పేపరు పట్టుకుని, "కాఫీ కాలేదా?" అన్నాను. అక్కడ లాడ్జి కుర్రాడు ఏడింటికల్లా తెచ్చిచ్చేవాడు, నాలుగు రోజులకే మరిగాను. మీ పెద్దమ్మ కాఫీ తేలేదు. మాసిన బట్టల మూట తెచ్చి నా ఒళ్లో, పేపరు మీదే పెట్టి లోపలికి పోయింది. "చెప్తే చేసేవాణ్ణి కదా!" అన్నాను. అంతే, మూడు రోజులు మాటల్లేవు.

ఆ మాటలో తప్పేముందో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. ఏ పని మిగిలిందో చూడాల్సింది ఆమే, గుర్తు పెట్టుకోవాల్సింది ఆమే, నాకు నాలుగుసార్లు చెప్పాల్సింది కూడా ఆమే. నేను చేసిందల్లా చెప్పినప్పుడు లేవడం. నువ్వు కూడా ఆ మాటే అంటుంటావని నా అనుమానం. కొండ మీద వారం రోజులు ఒక్క మాట పట్టింపు రాలేదని మురిసిపోయారట. ఎందుకొస్తుంది? పక్క సర్దింది వేరేవాళ్లు, గిన్నెలు తోమింది వేరేవాళ్లు.

ఇంకోసారి వెళ్తే మధ్యలో ఒక రోజు మిగుల్చుకుని రండి. మధ్యాహ్నం చెన్నైలో పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సాయంత్రానికి నెల్లూరులో ఉంటారు. రాత్రంతా రైల్లో కూర్చుని, తెల్లారి దిగి, తొమ్మిదింటికి ఇద్దరూ ఆఫీసుకు పరిగెత్తితే ఇంటి సంగతి ఎవరు చూస్తారు?

ముందు ఆ పెట్టె సంగతి తేల్చండి. స్వెటర్లు మన ఊళ్లో మళ్లీ ఎప్పుడు కావాలి గనక? ఒక పూట ఎండలో వేసి, మడతల్లో ఎండిన వేపాకు పెట్టి లోపల సర్దండి. నీలగిరి తైలం సీసాలు, చాక్లెట్లు ఎవరివి వాళ్లకి ఈ వారమే ఇచ్చెయ్యండి. మీ అమ్మకు రెండు సీసాలు, వాళ్లమ్మకు ఒకటి అని లెక్క తేడా వచ్చిందంటే మాత్రం నన్ను పిలవకు.

తర్వాత ఇంట్లో నీళ్లు. వారం వాడని ట్యాంకు నీళ్లు వదిలేసి కడిగించండి. కూలర్ అడుగున, కుండీల కింద పళ్లేల్లో, ఫ్రిజ్ వెనక ట్రేలో నిలిచిన నీళ్లు పారబోయండి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మీ టూరూ సరిగ్గా అంతే! ఇది నీ పని అబ్బయ్యా, ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి ఆదివారం నీదే.

వంట దగ్గర ఇద్దరూ బద్ధకిస్తున్నారట. రోజూ పార్సిలేనా? చారు, అన్నం, అప్పడం అయినా ఇంట్లో తినండి. పెద్దమ్మ తెచ్చిన చేపల పులుసు నిన్న రాత్రే ఊడ్చేసి ఉంటే మీ అంత తొందరపాటు మనుషులు లేరు. మామిడికాయ ముక్క పులుపు చేపకు పట్టాలంటే ఒక రాత్రి ఆగాలి, నెల్లూరులో పుట్టినవాడికి నేను చెప్పాలా?

అమ్మాయ్, నీకూ ఒక మాట. పనులన్నీ నువ్వే చేసేసుకుని, గిన్నెలు ధడేల్మని పెడితే మావాడికి అర్థం కాదు. వాడికి శబ్దం వినిపిస్తుంది, సంగతి వినిపించదు. వాడి వంతు పని అలా వదిలెయ్. చొక్కాలు వంకరగా మడిచాడనుకో, వాటిని మళ్లీ విప్పి నువ్వు మడవకు. మీ పెద్దత్తయ్య అలా విప్పినప్పుడల్లా నేను హాయిగా మళ్లీ అరుగెక్కేవాణ్ణి.

డబ్బు సంగతి కూర్చుని మాట్లాడుకోండి, రాత్రి పడుకోబోయే ముందు కాదు. టూర్ ఖర్చు కార్డు మీద పెట్టానన్నావు. బిల్లు రాగానే "మినిమమ్" అని కనిపించేది కట్టేసి ఊరుకోవద్దు. మిగిలినదానికి వడ్డీ పడుతుంది, కొత్తగా కొన్నవాటికి కూడా మొదటి రోజు నుంచే పడుతుంది. మొత్తం ఒకేసారి కట్టలేకపోతే ఎన్ని నెలల్లో తీరుస్తారో ఒక కాగితం మీద ఇద్దరి చేతిరాతతో రాసుకోండి. ఎవరి కోసం ఎంత ఖర్చయిందనే లెక్క మాత్రం ఆ కాగితం మీదికి రానివ్వకండి.

టూర్ అయిపోయిందని దిగులుగా ఉందట కదా. మైపాడు బీచ్ మీకు సుమారు పాతిక కిలోమీటర్లు. ఆదివారం తెల్లారి బండి మీద వెళ్లి, ఎండెక్కక ముందే వచ్చెయ్యండి. పెట్టె అక్కర్లేదు, ఒక తువ్వాలు చాలు.

శనివారం పొద్దున బస్సుకు నేనే వస్తున్నా. పులుసు గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు, అందులో ఏదో ఒకటి వేసి ఉంచండి. వండింది ఎవరో అడుగుతా. పెట్టె మాత్రం అటక మీద ఉండాలి.

మీ
పెదనాన్న