కోయి చేపలు రాసుకుంటుంటే ఏ మందు వేయాలి?

మీ పాండ్‌లో కోయిలు గోడలకి రాసుకుంటున్నాయి, ఉన్నట్టుండి నీళ్ళలోంచి పైకి ఎగురుతున్నాయి, షాపువాళ్ళు ఇచ్చిన నీలం మందు పోసి ఉప్పు కూడా వేసినా తగ్గలేదు, ఇప్పుడు ఏ మందు వేయాలి అని అడిగారు. నా మాట వింటే ఈ పూటకి ఏ మందూ వేయకండి. ముందు నీళ్ళలో అమ్మోనియా, అంటే చేపల వ్యర్థాల నుంచి చేరే విషం, ఎంతుందో టెస్ట్ చేయండి, ఆ తర్వాత ఒక చేపని వెడల్పాటి టబ్‌లోకి తీసుకుని మంచి వెలుతురులో దగ్గరగా చూడండి. చేపలు రాసుకోవడం మనకి జ్వరం రావడం లాంటిది, సవాలక్ష కారణాలుంటాయి. కారణం తెలియకుండా సీసా మీద సీసా ఒంపుతూ పోతే చివరికి పురుగు బతుకుతుంది, చేప పోతుంది.

మా పాండ్‌లో జరిగింది చెప్తాను. ఇల్లు మారుతున్న బంధువులు వాళ్ళ చేపలు కొన్ని, వాటితో పాటు ఒక కలువ కుండీ మాకిచ్చారు. కొన్ని వారాలకే అచ్చం మీరు రాసినట్టే మొదలైంది. తిండి వేస్తే మీద పడి తినే చేపలు మూలకి చేరి రెక్కలు ముడుచుకుని నిలబడిపోయేవి. ఆ టైంలోనే కైకలూరు వైపు చేపల చెరువులు చేసే మా మామయ్య ఏదో పెళ్ళికని హైదరాబాద్ వచ్చారు. టీ కూడా తాగకుండా పాండ్ దగ్గర కూర్చున్నారు. తెల్ల ఒంటి మీద ఎర్ర మచ్చలుండే కొహాకు ఒకటి ఉంది మాకు, దాన్ని చేతి వలతో పట్టించి, చేయి తడుపుకుని, చేపని మెల్లగా పక్కకి తిప్పారు. వెన్ను రెక్క మొదట్లో లేత ఆకుపచ్చ చుక్క ఒకటి కనిపించింది. నేను మచ్చే అనుకున్నాను. మామయ్య గోరు తగిలించగానే అది పొలుసుల మీద జర్రున పక్కకి జరిగింది. పట్టుకుని తెల్ల టైలు మీద పెడితే చదునుగా, పారదర్శకంగా, అర సెంటీమీటరు ఉందేమో, ముందు రెండు నల్ల కళ్ళు, అడుగున రెండు గుండ్రటి చూషకాలు. అది ఉన్న చోట చేప ఒంటి మీద ఎర్రగా కమిలిపోయింది. "తెగులు కాదురా ఇది, పేను పట్టింది" అన్నారు. ఈ చేప పేనునే ఆర్గులస్ అంటారు.

ఆ తర్వాత ఆయన చేసిన పనే నేను మీకు అసలు చెప్పాలనుకున్నది. చేపని వదిలేసి ఆ కలువ కుండీ పైకి తీయమన్నారు. కుండీ పక్కన, అడుగున, లేత గోధుమరంగు గుడ్లు వరసలు వరసలుగా అతికించినట్టున్నాయి. "చేప మీదున్నది సగమే, మిగతా సగం ఇదిగో" అన్నారు. ఆడ పేను గుడ్లు పెట్టడానికి చేపని వదిలి వచ్చి రాయి, గోడ, కుండీ, ఏది గట్టిగా ఉంటే దానికి గుడ్లు అంటిస్తుంది. మందులు ఆ గుడ్లని పెద్దగా ఏమీ చేయలేవు. మన ఎండాకాలం నీళ్ళలో రెండు వారాలు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి, చల్లటి నీళ్ళలో నెల దాటుతుంది. మందు వేయగానే తగ్గింది, మళ్ళీ వచ్చింది, మందు నకిలీది అని తిట్టుకునేవాళ్ళలో చాలామంది విషయం ఇదే. మందు నకిలీ కాదు, గుడ్లు పొదిగాయి, అంతే.

చెరువుల్లో వెదురు బద్దలు పాతి పేనుతో వాటి మీద గుడ్లు పెట్టించి, తీసి ఎండబెట్టడం పాత పద్ధతే. మామయ్య మా పాండ్‌లోనూ వెదురు బద్దలు నిలబెట్టించారు. కొన్ని రోజులకోసారి తీసి, గుడ్ల వరసలు గీకేసి, ఎండలో కరకరలాడేదాకా ఆరబెట్టి మళ్ళీ పెట్టేవాళ్ళం. కుండీలు, రాళ్ళు కూడా అంతే. దాంతో పాటు డైఫ్లూబెంజురాన్ వేశాం. ఇది పేను పెంకు మార్చుకోకుండా అడ్డుపడే మందు, గుడ్ల మీద పనిచేయదు కాబట్టి పొదిగే టైం చూసుకుని మళ్ళీ వేయాలి. పాండ్‌లో రొయ్యలు, పీతలు ఉంటే మాత్రం దీని జోలికి పోవద్దు, అవీ చస్తాయి. చెరువుల్లో వాడే పురుగుమందు వేద్దామా అని నేనడిగితే మామయ్యే వద్దన్నారు, "ఎకరాల లెక్కకి అలవాటుపడ్డ చెయ్యి నాది, ఇంత తొట్టిలో చుక్క ఎక్కువైతే ఒక్కటీ మిగలదు" అని. దయచేసి మీరూ ఆ పని చేయకండి.

ఇక ఆ నీలం మందు. చాలావరకు అది మిథిలీన్ బ్లూనే అయ్యుంటుంది. దాన్ని పాండ్‌లో పోస్తే ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా దెబ్బతిని అమ్మోనియా పెరుగుతుంది, అప్పుడు చేపలు ఇంకా ఎక్కువ రాసుకుంటాయి, షాపతను ఇంకో సీసా ఇస్తాడు. చేపకి ఏమైంది అని ఒక్క ప్రశ్న అడగకుండా సీసా చేతిలో పెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉప్పు సంగతీ అంతే. వెయ్యి లీటర్లకి 3 కిలోలు వేస్తే కొన్ని సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది, చేపకి కాస్త ఊరట. పేనుకి ఆ ఉప్పు లెక్కలోకే రాదు. పైగా ఉప్పు ఆవిరైపోదు, నీళ్ళు మారిస్తేనే పోతుంది, వారం వారం వేస్తూ పోతే పేరుకుంటుంది. ఫిల్టర్‌లో అమ్మోనియాని పీల్చుకునే జియోలైట్ రాళ్ళు ఉంటే ఉప్పు తగలగానే అది పట్టి ఉంచిన అమ్మోనియా మొత్తం నీళ్ళలోకి వదిలేస్తుంది.

పేను కనపడలేదా, అయితే లంగరు పురుగు ఉందేమో చూడండి. సన్నటి దారప్పోగులా పొలుసుల మధ్య నుంచి వేలాడుతుంది, చివర రెండు గుడ్ల సంచులుంటాయి. అదీ లేకపోతే మైక్రోస్కోప్ కావాల్సిందే. స్కూలు పిల్లలు వాడేది చాలు. మొప్పల పక్కన జిగురు కొంచెం గాజు పలక మీదకి తీసి వంద రెట్లు పెంచి చూడండి. సాగుతూ ముడుచుకుంటూ, తల దగ్గర నాలుగు నల్ల చుక్కలతో కనిపిస్తే అది మొప్పల్లో ఉండే ఫ్లూక్ అనే చిన్న పురుగు, దానికి ప్రాజిక్వాంటెల్ వేయాలి, అదీ గుడ్లు పెట్టే రకమే కాబట్టి ఒక్క డోసుతో ఆపకూడదు. చుక్కలు లేకుండా, కడుపులో ఉన్న పిల్ల తాలూకు కొక్కేలు కనిపిస్తుంటే అది నేరుగా పిల్లల్ని కనే రకం, మందు అదే. ఇలాంటి పురుగులకని కొందరు వాడే పొటాషియం పర్మాంగనేట్, ఫార్మలిన్ రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వేయొద్దు.

ఏ మందైనా కొనే ముందు పాండ్ కొలవండి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి 28తో హెచ్చిస్తే దాదాపు లీటర్లు వస్తాయి. ఆ లెక్కా, చేప దగ్గరి ఫొటో, అమ్మోనియా రీడింగ్ ఇక్కడ పెట్టండి, డోసు అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోపు పాండ్‌లో కుండీలు, రాళ్ళు ఉంటే తీసి తిరగేసి అడుగున చూడండి.