జవాబు: ఆరుద్ర, రోహిణి సమానంగా వస్తున్నాయంటే పిక్సెళ్లు నిండిపోయినట్టే

బెంగళూరు మేడ మీంచి తీసిన ఫొటోల్లో ఆరుద్ర (బెటెల్‌జ్యూస్) చుక్క ప్రకాశాంకం (ఇది తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 0.85, అంటే రోహిణి (ఆల్డెబరాన్) చుక్కకున్న 0.87కి దాదాపు సమానంగా వస్తోందన్నారు, కంటికేమో రోహిణిని మించి వెలుగుతోందన్నారు. తప్పు లెక్కలో లేదండీ, ఎక్స్‌పోజర్‌లో ఉంది. రెండు చుక్కల్లోనూ నడిమి పిక్సెళ్లు 16383 దగ్గర ఆగిపోయి ఉంటాయి. 14 బిట్ కెమెరా అంతకు మించి లెక్కపెట్టలేదు.

ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) 100 పెట్టి, రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటో) తీయండి. ఫోకస్ కాస్త చెడగొడితే చుక్క చిన్న బిళ్లలా పరుచుకుంటుంది. పిక్సెల్ గరిష్ఠ విలువ 10000 దాటనివ్వకండి. ఒక్కో చుక్కకి ఆకుపచ్చ పిక్సెళ్ల విలువలే కూడి, పక్కనున్న ఖాళీ ఆకాశపు విలువ తీసేయండి (మన ఊళ్లో అది తక్కువేం కాదు). ఆపైన ఆరుద్ర ప్రకాశాంకం = 0.87 (రోహిణిది) − 2.5 × లాగ్ (ఆరుద్ర మొత్తం ÷ రోహిణి మొత్తం), లాగ్ పది ఆధారంగా. నిష్పత్తి 1.4 అయితే 0.50 వస్తుంది.

రైజెల్‌తో మాత్రం పోల్చొద్దు, అది నీలి చుక్క, రంగు తేడా వల్ల లెక్క తప్పుతుంది. జనవరి మధ్యలో రాత్రి పదికి ఆరుద్ర, రోహిణి దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి, అప్పుడు తీయండి.