బ్యాడ్ రిలిజియన్ పాటలన్నీ ఒకేలా ఉంటాయి కదా, ‘ఏజ్ ఆఫ్ అన్‌రీజన్’‌లో కొత్తగా ఏముంది?

“మూడు పాటలు విని ఆపేశాను, ఒకటే వేగం, ఒకటే గోల” అని అమెరికా పంక్ రాక్ బ్యాండ్ బ్యాడ్ రిలిజియన్ ఆల్బమ్ ‘ఏజ్ ఆఫ్ అన్‌రీజన్’ గురించి మీరు రాసింది చదవగానే, వీళ్లని వినడం మొదలుపెట్టిన నా మొదటి నెల గుర్తొచ్చింది. నాకూ అచ్చం అలాగే అనిపించింది. ఒక్క పని చేయండి. గిటార్ వినడం కాసేపు పక్కనపెట్టి, గొంతులు వినండి.

ఎందుకు చెబుతున్నానంటే, మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. చిన్నప్పటి నుంచి చర్చి క్వయిర్‌లో పాడాను. మా దగ్గర ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అందరం ఒకే వరసలో పాడతాం. డిసెంబర్‌లో ఇంగ్లిష్ కేరల్స్ (క్రిస్మస్ పాటలు) మొదలయ్యాయంటే మాత్రం పై గొంతు నుంచి కింది గొంతు దాకా నాలుగు వరసలు: సొప్రానో, ఆల్టో, టెనార్, బేస్. అమ్మది ఆల్టో. గొంతు మారాక నన్ను టెనార్‌లో పెట్టారు. పక్కవాళ్ల వరసలోకి జారిపోకుండా మన వరస మనం పట్టుకోవడం చాలా కష్టం. ప్రాక్టీసులో అమ్మ అరచేత్తో కుడి చెవి మూసుకుని పాడేది, అటు పక్కన సొప్రానోలు నిలబడేవాళ్లు కాబట్టి.

2019లో ఎమ్మెస్ కోసం అమెరికాలో ఉన్నాను. ఆ మే నెల 3న ఈ ఆల్బమ్ వచ్చింది. మా రూమ్మేట్ కారులో పొద్దున్నా సాయంత్రం ఇదే. నాకు బ్యాండ్ పేరే నచ్చలేదు. పైగా వాళ్ల గుర్తు నల్ల శిలువ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. చూస్తేనే మనసు చివుక్కుమనేది. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం, ‘మై శానిటీ’ అనే పాట వస్తోంది. కోరస్‌లో అసలు గొంతు ఒకటి, దాని పక్కన ఇంకోటి. నాకు తెలియకుండానే టెనార్ వరస అందుకున్నాను. రూమ్మేట్ సౌండ్ తగ్గించి నా వంక చూశాడు. వాడు ఏళ్లుగా వింటున్నాడు కానీ ఆ రెండో గొంతుని విడిగా ఎప్పుడూ పట్టించుకోలేదట.

ఆ రహస్యం తర్వాత తెలిసింది. పాడే గ్రెగ్ గ్రాఫిన్ చిన్నప్పుడు విస్కాన్సిన్‌లో స్కూల్ క్వయిర్‌లో పాడినవాడే. తర్వాత లాస్ ఏంజెలెస్ వచ్చి, హైస్కూల్లో ఉండగానే గిటారిస్టు బ్రెట్ గురెవిట్జ్, బేసిస్టు జే బెంట్లీతో కలిసి బ్యాండ్ పెట్టాడు. అప్పటి పంక్ అంటే అరుపు. వీళ్లు ఆ అరుపు పక్కన క్వయిర్‌ని నిలబెట్టారు. మన భాషలో చెప్పాలంటే, గ్రాఫిన్ స దగ్గర ఉంటే ఒకరు గ పట్టుకుంటారు, ఇంకొకరు ప. మాటలు లేని చోట ‘ఆ’ అంటూ సాగే ఆ ఆలాపనకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఊజిన్ ఆస్’. మన సినిమా పాటలు వింటూ పెరిగిన చెవి ప్రధాన ట్యూన్ వెంటే పరిగెడుతుంది, అందుకే ఇది మొదట్లో అందదు. లోపం మీది కాదు.

ఇక ఆల్బమ్. వాళ్లకిది 17వది. 2013లో వచ్చిన ‘ట్రూ నార్త్’ తర్వాత ఆరేళ్లు ఆగి చేశారు. 14 పాటలు, అరగంట దాటి కొద్దిగా. డ్రమ్మర్ జేమీ మిల్లర్, గిటారిస్టు మైక్ డిమ్‌కిచ్ ఇద్దరికీ వీళ్లతో ఇదే మొదటి ఆల్బమ్. ఆ కొత్త ఊపు మొదటి పాట ‘కేయాస్ ఫ్రమ్ వితిన్’‌లోనే తెలుస్తుంది. గ్రాఫిన్‌కి అప్పటికి 54 ఏళ్లు. మాట ఒక్కటి నలగలేదు.

పేరు సంగతి. 18వ శతాబ్దంలో థామస్ పెయిన్ అనే రచయిత ‘ది ఏజ్ ఆఫ్ రీజన్’ (తర్క యుగం) అనే పుస్తకం రాశాడు, దాన్ని వీళ్లు తిరగేశారు. అబద్ధం, ద్వేషం, మూక మనస్తత్వం ముందు తర్కం ఓడిపోతోందన్న బాధ మొత్తం ఆల్బమ్‌లో ఉంది. ఇది వేషం కాదు. గ్రాఫిన్ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాడు, యూనివర్సిటీలో జీవ పరిణామం పాఠాలు చెప్పాడు. అందుకే పాటల సాహిత్యంలో పెద్ద పెద్ద మాటలు పడతాయి. ముందు లిరిక్స్ చదివి ఆ తర్వాత వినండి, సగం టెన్షన్ పోతుంది.

అన్నీ గొప్పవని అనను. ‘క్యాండిడేట్’ నాకు నచ్చలేదు, చెప్పదలచింది మొదటి చరణంలోనే అయిపోయింది. ‘ఫేసెస్ ఆఫ్ గ్రీఫ్’ కన్నుమూసి తెరిచేలోగా వెళ్లిపోతుంది. కానీ ‘ఎండ్ ఆఫ్ హిస్టరీ’ మాత్రం హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు వినండి. మొదటిసారి గ్రాఫిన్‌ని, రెండోసారి మిగతావాళ్లని.

దేవుణ్ణి నమ్మేవాడివి ఇది ఎలా వింటావని అడిగినవాళ్లూ ఉన్నారు. ముందుగా అడిగింది అమ్మే. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు సూట్‌కేసులో బ్యాండ్ గుర్తున్న టీషర్టు చూసి, “ఏందిరా ఈ బొమ్మ? దేవుడి మీద ఏం కోపం వీళ్లకి?” అంది. గ్రాఫిన్ ఒక క్రైస్తవ చరిత్ర ఆచార్యుడితో ఈమెయిళ్లలో మర్యాదగా వాదించాడనీ, అది 2006లో పుస్తకంగా వచ్చిందనీ చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు వీళ్లే 2013లో చేసిన ‘క్రిస్మస్ సాంగ్స్’ పెట్టాను. అందులో మేము ప్రతి ఏడూ పాడే కేరల్స్ ఉన్నాయి. అమ్మ కూరగాయలు తరుగుతూ కాసేపు విన్నది. తర్వాత మెల్లగా ఆల్టో అందుకుంది. ఆ వేగంలో కూడా వరస వదల్లేదు. “శ్రుతి తప్పట్లేదురా వీళ్లు” అంది. టీషర్టు మాత్రం ఇంట్లో వేసుకోవద్దంది, నేనూ వేసుకోలేదు.

మీరు ‘మై శానిటీ’తో మొదలుపెట్టండి, తర్వాత ‘ఎండ్ ఆఫ్ హిస్టరీ’, ‘లూజ్ యువర్ హెడ్’. ఆ మూడూ వంటబట్టాక ఆల్బమ్ మొదటి నుంచి వరసగా వినండి. అది నచ్చితే 1988లో వచ్చిన వీళ్ల ఆల్బమ్ ‘సఫర్’‌కి వెళ్లండి. 15 పాటలు, అన్నీ కలిపి 26 నిమిషాలే. కుర్రతనంలో పాడిన ఆ కోరస్‌నీ ఈ కోరస్‌నీ పక్కపక్కన పెట్టి వినండి. మీకేమనిపించిందో కింద రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.