పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్‌కి ఫైర్‌వాల్ పెట్టేటప్పుడు

చిన్నీ,

రెండు సర్వర్లూ నీ చేతికిచ్చారని విన్నాను. చాలా సంతోషం. పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో ఎవరైనా చేరగలిగే అడ్రసు) తగిలించగానే 22వ పోర్టు మీద, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ దారి మీద, బాట్లు (వాటంతటవే తిరిగే ప్రోగ్రాంలు) పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తుంటాయి. లాగ్ చూసి టెన్షన్ పడకు, అందరికీ ఉండేదే.

ఫైర్‌వాల్ (ఏ కనెక్షన్‌ని రానివ్వాలో, ఏది ఆపాలో చూసే కాపలా) జోలికి వెళ్లే ముందు, ఏ ప్రోగ్రాం ఏ పోర్టు మీద వింటోందో ఎస్ఎస్ (ss) కమాండ్‌తో చూసుకో. 0.0.0.0 అని ఉంటే అన్ని అడ్రసుల మీదా వింటున్నట్టు. 127.0.0.1 అయితే ఆ మెషిన్ వరకే. డేటాబేస్‌కి బయటివాళ్లతో పనిలేకపోతే 127.0.0.1 మీదే ఉంచు. 2017 జనవరిలో వేల మాంగోడీబీ డేటాబేసులు తుడిచేసి డబ్బులడిగారు. అవి పాస్‌వర్డ్ కూడా లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్నవే.

యూఎఫ్‌డబ్ల్యూలో (లైనక్స్‌లో ఫైర్‌వాల్ రూల్స్ సులువుగా రాసే టూల్) లోపలికొచ్చేదంతా ఆపేసి, వెబ్‌సైట్ పోర్టులు 80, 443 అందరికీ, 22 మాత్రం మీ ఆఫీసు ఐపీకో వీపీఎన్‌కో ఇవ్వు. ఆన్ చేసే ముందే 22 రూలు రాసెయ్. ఆన్ చేశాక పాత సెషన్ నడుస్తోంది కదా అని ధీమా వద్దు, అప్పటికే కలిసి ఉన్న కనెక్షన్‌ని ఫైర్‌వాల్ సాధారణంగా తెంచదు. దాన్ని అలాగే ఉంచి, ఇంకో టెర్మినల్ నుంచి కొత్తగా లాగిన్ అయి చూడు.

ఇక డాకర్, అంటే ప్రోగ్రాంలని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే టూల్. మంచి అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. డేటాబేస్ కోసం 5432:5432 (సర్వర్ పోర్టు:కంటైనర్ పోర్టు) అని ఇచ్చి కంటైనర్ లేపావనుకో, యూఎఫ్‌డబ్ల్యూలో ఆ పోర్టు మూసి ఉన్నా బయటివాళ్లకి తెరుచుకుంటుంది. డాకర్ ఐపీటేబుల్స్‌లో (యూఎఫ్‌డబ్ల్యూ కింద ఉండే అసలు లైనక్స్ ఫైర్‌వాల్ రూల్స్) సొంత రూల్స్ రాసుకుంటుంది. దాంతో ప్యాకెట్ అడ్రసు ముందే మారిపోయి, ఫార్వర్డ్ చెయిన్ (వేరేచోటికి పంపే ప్యాకెట్ల రూల్స్ వరుస) మీదుగా నేరుగా కంటైనర్‌కి పోతుంది. నువ్వు రూలు రాసిన ఇన్‌పుట్ చెయిన్ (సర్వర్‌కే వచ్చే ప్యాకెట్ల వరుస) వైపు రానే రాదు. స్టేటస్ చూస్తే మాత్రం అంతా మూసే ఉన్నట్టుంటుంది! అందుకే 127.0.0.1:5432:5432 అని పూర్తిగా రాయి. బయటికి ఇవ్వక తప్పకపోతే, ఎవరికి ఇవ్వాలో డాకర్-యూజర్ చెయిన్‌లో (నీ సొంత రూల్స్ కోసం డాకర్ వదిలిన వరుస) రాసుకో.

ఐపీవీ6ని (పాత ఐపీవీ4 పక్కనే నడిచే కొత్త రకం అడ్రసులు) మర్చిపోకు. నేరుగా ఐపీటేబుల్స్ వాడితే ఐపీ6టేబుల్స్‌లో రూల్స్ విడిగా రాయాలి. భద్రం కోసమని ఐసీఎంపీవీ6 (ఐపీవీ6లో మెషిన్లు ఒకదాన్నొకటి వెతుక్కునే మెసేజీలు) మొత్తం ఆపేశావంటే పక్క మెషిన్లు, రూటరు కూడా దొరకవు.

అంతా అయ్యాక ఫోన్ హాట్‌స్పాట్ మీదకి మారి, నీ ల్యాప్‌టాప్ నుంచి ఎన్‌మ్యాప్‌తో (ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో బయటి నుంచి చూసే టూల్) 65535 పోర్టులూ చూడు, ఐపీవీ4కి ఒకసారి, ఐపీవీ6కి ఒకసారి. సర్వర్‌లో కూర్చుని చేస్తే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. 80, 443 కాక ఇంకేదైనా తెరిచి కనిపిస్తే రాత్రయినా సరే ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం.

మీ బాబాయ్