బతుకమ్మ పాటకు కొత్త సంగీతం కడితే ఏం మారుతుంది?

బతుకమ్మ పాటలకు డ్రమ్స్, కీబోర్డు పెట్టి పాడితే అవి ఇంకా బతుకమ్మ పాటలేనా అన్నది ప్రశ్న. అవును, చప్పట్లు ఉన్నంతవరకు.

ఈ పాటకు వాయిద్యం అక్కర్లేదు. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో అందుకుంటారు. ఒక అడుగు వేసి, నడుం వంచి చప్పట్లు కొడతారు; అదే తాళం. ముసలమ్మ కూడా వంగి లేవగలిగినంత నిదానమే దాని వేగం. తంగేడు విరగబూసే రోజుల పండుగ కాబట్టి పాటలోకీ పూల పేర్లు దండ గుచ్చినట్టు వస్తాయి. గునుగు తెల్లకంకులు కట్టలు కట్టి, కొసలు రంగునీళ్లలో ముంచి, తాంబాళంలో వరసలు పేరుస్తుంటే చూడాలి!

2021లో ఏ.ఆర్. రహ్మాన్ ‘అల్లిపూల వెన్నెల’ అనే బతుకమ్మ పాట స్వరపరిచారు, గౌతమ్ మేనన్ చిత్రీకరించారు. ఇలాంటి ప్రయత్నాలు నాకు ఇష్టమే. బాధంతా డీజే మిక్సులతోనే. వేగం పెరిగేసరికి వంగి కొట్టే చప్పట్లు గంతులవుతాయి, పెద్దవాళ్లు పక్కకు జరిగి కూర్చుంటారు. పైగా రికార్డు నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఎత్తుకునే మనిషి ఉంటే పాట ఎంతసేపైనా సాగుతుంది, అప్పటికప్పుడు కొత్త చరణమూ పుడుతుంది. అందుకే కొత్తగా కట్టేవాళ్లు ఏ వాయిద్యమైనా వాడొచ్చు గానీ, చరణం చివర నలుగురూ గొంతు కలిపే జాగా మాత్రం వదలాలి.